తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

(స్త్రీల హక్కులపై మా జిల్లా కేంద్రంలో జరిగిన ఒకరోజు సదస్సులో చేసిన ప్రసంగం. మాట్లాడిన ధోరణిని వీలైనంతవరకు అలాగే ఉంచి, కొద్ది మార్పులతో ప్రచురణ కోసం రాసి ఇచ్చాను.)

ఇందాక మీరంతా ఈ హాల్లోకి వస్తూ గుమ్మం దగ్గర బల్ల మీదున్న రిజిస్టరులో పేరు, ఊరు, ఫోను నెంబరు రాసి సంతకం పెట్టారు. నేనూ పెట్టాను. ఆ రిజిస్టరు ఇప్పుడెక్కడుందో ఎవరికైనా తెలుసా? వేదిక ఎక్కే ముందు నేను చూశాను. ఆ బల్ల మీదే తెరిచి ఉంది. మైకు సెట్టు బిగించడానికి వచ్చినవాళ్లు, టీ తెచ్చినవాళ్లు, హాలు వాచ్‌మన్ అందరూ దాని పక్కనుంచే తిరుగుతున్నారు. ఎవరైనా ఫోను తీసి ఒక్క ఫొటో కొట్టుకుంటే ఇక్కడున్న ఆడవాళ్లందరి నెంబర్లూ వాళ్ల చేతిలో ఉంటాయి.

మన మధ్య భర్త మీద కేసు వేసి వాయిదాలకు తిరుగుతున్నవాళ్లున్నారు. మీటింగుకు వెళుతున్నానని ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్లున్నారు. నిర్వాహకులను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఇలాంటి మీటింగులు పెట్టినవాళ్లలో నేనూ ఒకదాన్ని. నేనూ రిజిస్టర్లు ఇలాగే వదిలేశాను. ఈ రోజు నాకు ఇచ్చిన అంశం 'నెట్‌వర్క్‌లో సమాచార భద్రత - ప్రాథమిక సూత్రాలు'. పేరు వింటే కంప్యూటరు ఇంజనీర్ల విషయంలా ఉంది. కానీ నేను చెప్పబోయేదంతా ఆ రిజిస్టరులో ఉంది. అందుకే దానితో మొదలుపెట్టాను.

నేను బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. లావుపాటి లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వచ్చిన కాలమంతా ఆ విభాగంలోనే గడిపాను. రిటైరయ్యాక స్త్రీల సలహా కేంద్రంలో కూర్చుంటున్నాను. ఈ రెండు చోట్లా నేర్చుకున్నదే మీకు చెబుతాను.

మూడు సూత్రాలు

మా అమ్మ తన పుట్టింటికి రాసే పోస్టుకార్డుల్లో ఎప్పుడూ ఒకే మాట ఉండేది. 'ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను.' కార్డును మా నాన్న చదివేవాడు, పోస్టుమాన్ చదివేవాడు, అక్కడికి చేరాక ఊళ్లో చదువొచ్చినవాళ్లెవరో పైకి చదివి వినిపించేవారు. ఇంతమంది చదివే కార్డు మీద ఏ ఆడమనిషి తన కష్టం రాస్తుంది? కష్టం రాయాలంటే ఇన్‌లాండు కవరు కావాలి. దానికి డబ్బులు నాన్నను అడగాలి. ఎందుకో చెప్పాలి.

మీ ఫోనులోంచి బయలుదేరిన మాట కూడా అవతలి ఫోనుకు నేరుగా చేరదు. టవరుకు వెళుతుంది, కంపెనీ కంప్యూటర్లకు వెళుతుంది, ఎన్నో చేతులు మారి అక్కడికి చేరుతుంది. ఈ చేతులన్నీ కలిపిందే నెట్‌వర్క్. మధ్యలో ఎవరూ చదవకుండా ఉండడం మొదటి సూత్రం. దాన్ని గోప్యత అంటారు. మధ్యలో ఎవరూ మార్చకుండా, మీరు రాసింది రాసినట్టే చేరడం రెండో సూత్రం. పుస్తకాల్లో దాన్ని సమగ్రత అంటారు. మీకు అవసరమైనప్పుడు మీ సమాచారం మీకు దొరకడం మూడోది, అందుబాటు. ప్రపంచంలో ఎక్కడ ఈ పాఠం చెప్పినా ఈ మూడింటితోనే మొదలుపెడతారు.

మూడోదాన్ని అందరూ మరచిపోతారు. భద్రత అంటే దాచడమే అనుకుంటారు. ఆడపిల్లకు ప్రమాదమని ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు కూడా తాము భద్రత కల్పిస్తున్నామనే అనుకుంటారు. 2016లో గుజరాత్‌లోని మెహసాణా జిల్లాలో ఒక గ్రామ పంచాయతీ పెళ్లికాని ఆడపిల్లలు సెల్‌ఫోను వాడకూడదని, వాడితే జరిమానా అని తీర్మానించింది. అంత దూరం ఎందుకు, మన ఇళ్లలో ఎన్ని తీర్మానాలు నోటిమాటగా అమలవుతున్నాయో మీకు తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము సొంతంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు నూటికి 54 మంది. ఇంటర్నెట్టు ఒక్కసారైనా వాడినవాళ్లు మగవాళ్లలో నూటికి 57 మంది ఉంటే ఆడవాళ్లలో 33 మంది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 21 మంది. మనిషి చేతికే అందని సమాచారం ఎంత భద్రంగా ఉంటే మాత్రం ఏం లాభం? అందుబాటు లేని భద్రతకు మన భాషలో పేరు ఘోషా.

పోపులడబ్బా, తాళంచెవి

మన ఇళ్లలో ఆడవాళ్లు డబ్బు ఎక్కడ దాస్తారు? పోపులడబ్బాలో, బియ్యం డ్రమ్ములో, పాత చీరల మడతల్లో. అక్కడ ఉందని ఎవరికీ తెలియదు కనుక అది భద్రం. తెలిసిన రోజున అది లేదు. దాచిన చోటు రహస్యంగా ఉండడమే రక్ష అనుకోవడం చాలా బలహీనమైన పద్ధతి. 1883లో ఆగస్ట్ కెర్‌ఖోఫ్స్ అనే ఆయన సైన్యాల రహస్య లిపుల గురించి రాస్తూ ఈ విషయం తేల్చి చెప్పాడు. తాళం ఎలా తయారైందో శత్రువుకు పూర్తిగా తెలిసిపోయినా ఫరవాలేదు, తాళంచెవి ఒక్కటి మన దగ్గరుంటే చాలు - అలా ఉండాలి ఏర్పాటు అన్నాడు. ఈనాటి నెట్‌వర్క్ భద్రత అంతా ఆ మాట మీదే నిలబడింది. వాట్సాప్ సందేశాలను మధ్యలో ఎవరూ చదవకుండా ఈ కొస నుంచి ఆ కొసకు ముద్ర వేసి పంపే ఏర్పాటు 2016 ఏప్రిల్ నుంచి అందరికీ ఉంది. ఆ ముద్ర వేసే లెక్క పుస్తకాల్లో దొరుకుతుంది. రహస్యం తాళంచెవిలోనే ఉంది.

ఇక ప్రశ్న ఒక్కటే. ఆ తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

మా బ్యాంకుల్లో 1990ల మొదట్లో లెడ్జర్ పోస్టింగ్ మిషన్లు వచ్చాయి. ఒక్కొక్కరికీ ఒక్కో పాస్‌వర్డు ఇచ్చారు. నా పక్క సీటులో పనిచేసే అమ్మాయి ప్రసవానికి సెలవు పెట్టింది. 'పని ఆగకూడదమ్మా, నీ పాస్‌వర్డు కాస్త చెప్పి వెళ్లు' అన్నాడు ఆఫీసరు. చెప్పింది. పెద్దమనిషి అడిగితే కాదనడం మనకెవరు నేర్పారు? ఆమె తిరిగొచ్చిన కొన్ని నెలలకు ఒక పింఛనుదారు ఖాతాలో డబ్బు తగ్గిందని గొడవ వచ్చింది. మిషను తీసి చూస్తే ఆ ఎంట్రీలన్నీ ఆ అమ్మాయి పేరు మీద ఉన్నాయి. చేసినవాడి పేరు ఎక్కడా లేదు. ఆ రోజుల్లో ఆమె సెలవులో ఉందని కాగితం మీది హాజరుపట్టీ చెప్పబట్టి బతికిపోయింది. అదే ఆమె ఆఫీసులో ఉన్న రోజైతే? ఉద్యోగం పోయేది, దొంగ అన్న పేరు మిగిలేది.

అప్పుడు నాకు అర్థమైంది, పాస్‌వర్డు రహస్యం మాత్రమే కాదని. అది సంతకం. పాస్‌వర్డు ఇవ్వడమంటే సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇవ్వడమే. మన పేరు మీద ఎవరేం చేసినా జవాబుదారీ మనమే. ఈ బలహీనత పాస్‌వర్డు పుట్టిన నాటి నుంచీ ఉంది. అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఒకే పెద్ద కంప్యూటరును అందరూ వంతులవారీగా వాడుకోవడానికి 1960ల మొదట్లో పాస్‌వర్డులు పెట్టారు. 1962లో అక్కడి ఒక పరిశోధక విద్యార్థి తన వంతు గంటలు చాలక, అందరి పాస్‌వర్డులూ ఉన్న జాబితాను ఆ కంప్యూటరు చేతనే అచ్చు వేయించుకున్నాడు. తాళంచెవులన్నీ ఒకేచోట కుప్పపోస్తే జరిగేది అదే.

శత్రువు ఎవరు?

కంప్యూటరు పుస్తకాలు భద్రత గురించి చెప్పేటప్పుడు ముందుగా ఒక ప్రశ్న వేసుకోమంటాయి. ఎవరి నుంచి రక్షణ? దొంగ ఎవరో తెలియకుండా గోడ ఎంత ఎత్తు కట్టాలో తెలియదు కదా. అయితే ఆ పుస్తకాలు ఊహించే శత్రువు ఎప్పుడూ బయటివాడే. ఎక్కడో చీకటిగదిలో కూర్చుని, ముక్కూ మొహం తెలియని మన ఖాతాలోకి చొరబడేవాడు. అలాంటివాళ్లు ఉన్నారు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామనీ, పోలీసులమనీ, 'డిజిటల్ అరెస్టు' చేశామనీ బెదిరించి డబ్బు లాగేవాళ్లు రోజూ ఫోన్లు చేస్తున్నారు. డిజిటల్ అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదు. ఆ మాట వినగానే ఫోను పెట్టేయండి.

కానీ సలహా కేంద్రంలో నేను చూసేది వేరు. మా దగ్గరకు వచ్చే స్త్రీ పాస్‌వర్డు తెలిసినవాడు ఆమె పక్కనే పడుకుంటున్నాడు. ఆమె పుట్టినరోజు, అమ్మ పేరు, చదివిన బడి అన్నీ అతనికి తెలుసు. ఆమె నిద్రపోతే వేలు పట్టుకుని ఫోను తెరవగలడు. సిమ్ అతని పేరు మీద ఉంటుంది. బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ అతని ఫోనుకే వెళుతుంది. గోడ ఎంత ఎత్తు కడితే ఏం, శత్రువు వంటింట్లో ఉంటే?

ఒక సంఘటన చెబుతాను. ఇది చెప్పమని ఆమే నాతో అంది. ఊరూ పేరూ మాత్రం వద్దంది. కుట్టుమిషను మీద బతికే మనిషి. 'అక్కా, పగలు మా అక్కతో ఏం మాట్లాడుకున్నా సాయంత్రానికి ఆయనకు తెలిసిపోతోంది. మూడుసార్లు పిన్ను మార్చాను. ఈ ఫోనుకు దయ్యం పట్టింది' అంది. ఫోను తీసుకుని వాట్సాప్‌లో మూడు చుక్కలు నొక్కి 'లింక్డ్ డివైసెస్' అన్న చోటికి వెళ్లి చూశాను. అక్కడొక కంప్యూటరు పేరు కనిపించింది. అతని షాపులోది. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు ఒక్క నిమిషం ఫోను దొరికితే చాలు, దానితో కంప్యూటరు తెర మీది గళ్ల గుర్తును స్కాన్ చేసి తన కంప్యూటరుకు కలుపుకోవచ్చు. ఇక ఆమె రాసే ప్రతి మాటా అక్కడ కనబడుతుంది. వాట్సాప్ వేసిన ముద్ర చెక్కుచెదరలేదు. తాళంచెవికి ఇంకో నకలు తయారైంది, అంతే.

నేను గర్వంగా ఒక్క నొక్కు నొక్కి దాన్ని తీసేశాను. 'దయ్యం వదిలింది, ఇక హాయిగా ఉండు' అన్నాను.

అది నేను చేసిన తప్పు. ఆ రాత్రి షాపులో కంప్యూటరు తెరిచి చూసుకుంటే అతనికి విషయం అర్థమైంది. మర్నాడు తెల్లవారుతూనే ఇద్దరు పిల్లలతో ఆమె మా కేంద్రం మెట్ల మీద కూర్చుని ఉంది. దవడ వాచిపోయి ఉంది. ఫోను నేలకేసి కొట్టి పగలగొట్టాడు. వెనకటి దెబ్బల ఫొటోలు అందులోనే ఉన్నాయి. డాక్టరు చీటీ ఫొటో అందులోనే ఉంది. వాళ్లక్క నెంబరు ఆమెకు నోటికి రాదు, అదీ అందులోనే. ఇందాక చెప్పిన మూడు సూత్రాలు గుర్తుచేసుకోండి. నేను గోప్యత ఒక్కటే చూశాను. అందుబాటు సంగతి నాకు తట్టలేదు. అసలు మొదటి ప్రశ్నే వేయలేదు. 'ఇది తెలిస్తే ఈ రాత్రి అతనేం చేస్తాడు?' అని ఆమెను అడగలేదు.

ఆ రోజు నుంచి మా కేంద్రంలో పద్ధతి మార్చుకున్నాం. ముందు మనిషి భద్రత, తర్వాతే ఫోను భద్రత. కనిపించిన దాన్ని తొందరపడి తీసేయం. తేదీ, సమయం కనబడేలా వేరే ఫోనుతో ఫొటో తీస్తాం, అది సాక్ష్యం. ఫోనులో ఉన్న ముఖ్యమైన కాగితాలు, ఫొటోలు నమ్మకమైన మరో చోటికి చేరుస్తాం. నాలుగు నెంబర్లు కాగితం మీద రాయించి ఆమె దగ్గర ఉంచుతాం. ఆ రాత్రికి వెళ్లడానికి ఒక ఇల్లు ఉందో లేదో చూస్తాం. ఇవన్నీ అయ్యాక, ఆమె సరేనన్నాకే తెంచుతాం. ఈలోగా ముఖ్యమైన మాటలు మా ఆఫీసు ఫోను నుంచి మాట్లాడుకోమంటాం. ఆమె ఇప్పుడు వేరే ఊళ్లో ఉంటోంది. కేసు నడుస్తోంది.

'దాచడానికి ఏముంది?'

అలాంటి మగవాడు అడిగే ప్రశ్న ఒకటుంది. 'నీ దగ్గర దాపరికం లేకపోతే పాస్‌వర్డు చెప్పడానికి ఏం?' దీనికి మనలో చాలామంది దగ్గర జవాబు లేదు. తాళం తీసి చూపించడమే శీలానికి రుజువని మనకు నేర్పారు. జవాబు ఇది. ఉత్తరానికి కవరు ఉండేది తప్పు చేసినవాళ్ల కోసం కాదు. నమ్మకం ఉన్నచోట సోదా అక్కర్లేదు. సోదా చేసేవాడు నమ్మకం గురించి మాట్లాడకూడదు.

ఇది నా సొంత అభిప్రాయం కాదు, చట్టం చెప్పిన మాట. నిర్భయ ఘటన తర్వాత 2013లో భారత శిక్షాస్మృతిలో 354-డి అనే సెక్షను చేర్చారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షను. దీన్ని వెంటపడి వేధించే నేరం అని మాత్రమే చాలామంది అనుకుంటారు. దాని రెండో భాగం చదవండి. ఒక స్త్రీ ఇంటర్నెట్టు, ఈ-మెయిల్ లేదా మరే ఎలక్ట్రానిక్ మాధ్యమమైనా ఎలా వాడుతోందో కనిపెట్టి చూడడం కూడా నేరమే. మొదటిసారి 3 సంవత్సరాల వరకు, మళ్లీ చేస్తే 5 సంవత్సరాల వరకు శిక్ష. నేరాన్ని ఆపడం కోసం ప్రభుత్వం అప్పగించిన పని అయితే, చట్టం ప్రకారం చేసినదైతే, ఆ పరిస్థితుల్లో సమంజసమని తేలితే మినహాయింపు ఉంది. భర్త అయితే మినహాయింపు అని మాత్రం ఆ సెక్షనులో ఎక్కడా లేదు.

కోర్టులు ఈ దారిలో ముందుకూ నడిచాయి, వెనక్కూ నడిచాయి. ఇంటి లోపల స్త్రీకి ఏకాంతం హక్కు ఉందన్న మాటను మన రాష్ట్ర హైకోర్టే చాలా ముందుగా అంది. 1983లో టి. సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పు చెబుతూ, ఇష్టం లేని భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఆజ్ఞ ఇవ్వడం ఆమె ఏకాంతానికీ గౌరవానికీ విరుద్ధమని, హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షను చెల్లదని అన్నారు. మరుసటి సంవత్సరమే వేరే కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడుకున్న ఫోను సంభాషణలను భర్త రహస్యంగా రికార్డు చేసి విడాకుల కేసులో దాఖలు చేస్తే, అది ఆమె ఏకాంతాన్ని భంగపరచడమేనని, సాక్ష్యంగా పనికిరాదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు 2008 లా రిపోర్టుల్లో ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించింది. అంతా అయిందనుకున్నాం. 2025 జులైలో సుప్రీంకోర్టే మరో కేసులో, భార్యాభర్తలలో ఒకరు రెండోవారికి తెలియకుండా చేసిన రికార్డింగును విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పింది. ఒకరిపై ఒకరు నిఘా వేసుకునే దశకు వచ్చారంటే ఆ కాపురం అప్పటికే విరిగిపోయినట్టు అన్నది కోర్టు వాదన. ఇంట్లో జరిగే హింసను రుజువు చేయడానికి మన స్త్రీలకు కూడా ఈ తీర్పు పనికొస్తుందనే వాదన ఉంది. అందులో కొంత నిజం ఉంది. కానీ ఇంట్లో ఎవరి ఫోను ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలుసు. ఆ తీర్పు ఎవరికి ఎక్కువ ఉపయోగపడుతుందో కూడా మనం ఊహించగలం.

మార్చుకోలేని తాళంచెవి

పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు. వేలిముద్ర పోతే? గ్రామాల్లో పింఛను, ఉపాధి కూలీ డబ్బులు తీసుకోవడానికి ఆధార్ నెంబరు, బ్యాంకు పేరు చెప్పి మిషను మీద వేలు పెడితే చాలు. ఓటీపీ ఉండదు. చదువురాని స్త్రీకి ఇది సౌకర్యమే, కాదనను. బ్యాంకుకు పోయి వోచరు రాయించుకునే బాధ తప్పింది. కానీ మనం పట్టుకున్న ప్రతి గ్లాసు మీదా, వేసిన ప్రతి నిశానీ మీదా వదిలి వస్తున్న తాళంచెవి అది. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒకతను ఏం చేశాడో గుర్తుందా? రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందరికీ కనిపించేలా ఉంచిన భూమి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకలు వేళ్లు తయారుచేసి, వేలకొద్దీ సిమ్ కార్డులు చలామణీలోకి తెచ్చాడు. ఆ తర్వాత ఇదే పద్ధతిలో బ్యాంకు ఖాతాల్లో డబ్బులు తీసిన ముఠాలు కూడా పట్టుబడ్డాయి.

ఇందులో ఆ రైతు కూలీ స్త్రీ చేసిన అజాగ్రత్త ఏమిటి? ఏమీ లేదు. ప్రభుత్వం అడిగిన చోట వేలు పెట్టింది. దాన్ని కాపాడవలసింది తీసుకున్నవాళ్లు. ఎవరు సమాచారం తీసుకుంటే వాళ్లే దానికి బాధ్యులు. పనికి అవసరమైనంతే తీసుకోవాలి, అవసరం తీరాక ఉంచకూడదు. ఇది కూడా భద్రతా సూత్రమే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో కూడా ఈ మాట రాసుకున్నారు. మనం చేయగలిగింది ఒకటుంది. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ అని ఉంటుంది. అది వేసుకుంటే మనం తెరిచేదాకా మన వేలిముద్ర ఎక్కడా పనిచేయదు. కాలేజీ చదివే మన పిల్లల చేత ఊళ్లో ఒక్క ఆదివారం కూర్చోబెట్టి వేయించవచ్చు.

'జాగ్రత్తగా ఉండండి' అనే ఉపన్యాసం ఎంతవరకు పనిచేస్తుందో కూడా చెప్పుకోవాలి. 2021 జులైలో, తిరిగి 2022 జనవరిలో మాట్లాడే గొంతు ఉన్న ముస్లిం స్త్రీల ఫొటోలు పెట్టి వాళ్లను వేలం వేస్తున్నట్టుగా యాప్‌లు తయారుచేశారు. ఆ స్త్రీల పాస్‌వర్డులు ఎవరూ పగలగొట్టలేదు. వాళ్లు బహిరంగంగా పెట్టుకున్న ఫొటోలే అవి. ఎంత పొడుగు పాస్‌వర్డు వాళ్లను కాపాడేది? 'ఫొటో ఎందుకు పెట్టావు' అని అడిగేవాళ్లు 'రాత్రిపూట ఎందుకు బయటకు వెళ్లావు' అని అడిగేవాళ్ల వారసులే. అలాంటి దాడికి మందు కేసు పెట్టడం, సంఘం పక్కన నిలబడడం, కంపెనీల మెడలు వంచడం. మన అనుమతి లేకుండా ఆంతరంగిక ఫొటోలు వ్యాపించకుండా 2021 చివర్లో స్టాప్ ఎన్‌సిఐఐ అనే ఏర్పాటు వచ్చింది. ఫొటో మన ఫోను దాటి బయటికి వెళ్లదు. దాని గుర్తు, అంటే ఒక పొడవాటి అంకె మాత్రమే వెళుతుంది. ఇందులో చేరిన కంపెనీలు ఆ అంకె సరిపోయిన ఫొటోను తీసేస్తాయి. దయచేసి ఈ విషయం మీ ఊళ్లో ఆడపిల్లలకు చెప్పండి. బెదిరింపుకు లొంగి డబ్బులిస్తూ, ఎవరికీ చెప్పుకోలేక ప్రాణాలు తీసుకోవాలనుకునే పిల్లలు మా దగ్గరకు వస్తున్నారు.

రెండు సంతకాలు

1975లో సాల్ట్జర్, ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటర్లలో సమాచార రక్షణకు కొన్ని సూత్రాలు రాశారు. ఈనాటికీ పాఠాల్లో అవే చెబుతారు. వాటిలో రెండు మీకు బాగా తెలుసు. ఎవరి పనికి ఎంత అవసరమో అంతే అధికారం ఇవ్వాలన్నది ఒకటి. ముఖ్యమైన తాళానికి ఇద్దరి చేతుల్లో రెండు తాళంచెవులు ఉండాలన్నది మరొకటి. మన డ్వాక్రా సంఘాలు ఏం చేస్తాయి? డబ్బు తీయాలంటే తీర్మానం రాయాలి, ఇద్దరు లీడర్లు సంతకం పెట్టాలి. ఇంగ్లీషు పుస్తకం చదవకుండానే ఆ సూత్రాన్ని అమలు చేశారు మన ఆడవాళ్లు. అలాంటి సంఘాల్లోనే ఇప్పుడు పదిమంది ఏటీఎం కార్డులు, పిన్నులు ఒకరి సంచిలో ఉంటున్నాయి. తేలికగా ఉంటుందని ఇచ్చేస్తున్నాం. సంతకానికి ఇచ్చిన విలువ పిన్నుకు ఎందుకు ఇవ్వడం లేదు?

మిత్రులారా, ఉపన్యాసం విని ఇంటికి వెళ్లి మరచిపోకుండా కొన్ని పనులు చెబుతాను.

ఒకటి. బ్యాంకు ఖాతాకు మీ సొంత నెంబరు ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. వీలైతే సిమ్ మీ పేరు మీదకు మార్చుకోండి. తాళంచెవి అక్కడ మొదలవుతుంది.

రెండు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి. రెండంచెల పిన్ను పెట్టుకోండి. తెలియని కంప్యూటరు కనబడితే, ఇంట్లో భయం ఉన్నవాళ్లు ఒంటరిగా ఏమీ తీసేయకండి. ముందు మా దగ్గరకు రండి. నేను చేసిన తప్పు మీరు చేయకండి.

మూడు. పాస్‌వర్డులో పిల్లల పేర్లు, పెళ్లిరోజు వద్దు. సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పొడుగ్గా పెట్టుకోండి. ఒకచోట పెట్టింది ఇంకోచోట పెట్టకండి.

నాలుగు. డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకండి. వెంటనే 1930కి ఫోను చేయండి, బ్యాంకుకు చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో హింస ఉంటే 181 ఉంది. గృహహింస చట్టం 18వ సెక్షను కింద, అతను ఫోనులో గానీ మరే రూపంలో గానీ మిమ్మల్ని పలకరించకూడదని మేజిస్ట్రేటు నుంచి ఉత్తర్వు తెచ్చుకోవచ్చు.

ఐదు. ఇది మన సంస్థలకు. బాధితుల వివరాలు అందరూ ఉండే వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. కేసు ఫైలు ఎవరు చూడాలో వాళ్లే చూడాలి. నకలు మరో చోట ఉండాలి. పని మానేసినవాళ్ల చేతిలో పాత పాస్‌వర్డు ఉండకూడదు.

పూర్వం అత్తగారి నడుముకు తాళాల గుత్తి వేలాడుతుండేది. కోడలు ఎన్నేళ్లు చాకిరీ చేసినా ఆ గుత్తి చేతికొచ్చేదాకా ఆ ఇంట్లో ఆమెకు చోటు లేదు. ఆస్తిలో వాటా కోసం, రాత్రిపూట నడిచే హక్కు కోసం, మన ఒంటి మీద మన హక్కు కోసం మనం పోరాడింది ఆ గుత్తి కోసమే. ఈ తాళంచెవి కూడా అందులోదే. దీన్ని మనకెవరూ బహుమతిగా ఇవ్వరు.

చివరిగా, గుమ్మం దగ్గరి రిజిస్టరు. భోజనాలకు లేచే ముందు ఒక తీర్మానం చేద్దాం. ఆ రిజిస్టరు ఇద్దరి బాధ్యతలో, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. ఇక ముందు ఫోను నెంబరు రాయడం ఎవరి ఇష్టం వాళ్లది. నా పేరు ఇప్పటికే అందులో ఉంది కనుక, ఆ ఇద్దరిలో ఒకరుగా ఉండడానికి నేను సిద్ధం. రెండో తాళంచెవి ఎవరు తీసుకుంటారో చేతులెత్తండి.